రెండు పిడుల విసనకర్ర

ఇవాళ మీరు చూస్తున్న తాటిచెట్లన్నీ ఇంకా టెంకలుగా మట్టిలో ఉన్న కాలంలో, ఉప్పుగాలి తగిలే ఒక ఊళ్లో తవిటమ్మ అనే మనిషి ఉండేది.

ఆమెకి ముందు పుట్టిన ఇద్దరు పిల్లలూ దక్కలేదు. అందుకని ఈమె పుట్టగానే మంత్రసాని చేతిలో పెట్టేసి, చేటెడు తవుడు ఇచ్చి మళ్లీ కొనుక్కున్నారు. అలా కొన్న పిల్ల మీద చావు కన్ను పడదని వాళ్ల నమ్మకం. పిల్ల బతికింది. పేరు తవిటమ్మ అయింది. ఎప్పుడు ఏమవుతుందోనన్న భయంతో అమ్మ ఆ పిల్లని గడప దాటి ఆడుకోనివ్వలేదు. ఇంట్లోనే కూర్చుని నేల మీద బొగ్గుతో బొమ్మలు గీసుకుంటూ పెరిగింది.

పెద్దయ్యాక తాటాకు విసనకర్రలు చేసి, వాటి మీద బొమ్మలు వేసి బతికేది. మసి, జేగురుమట్టి, పసుపు, చిక్కుడాకు పసరు, ఇవే ఆమె రంగులు. నమిలి మెత్తబరిచిన ఈతపుల్ల ఆమె కుంచె. ఆ ఎండాకాలం ఊళ్లో ఏది జరిగితే అదే బొమ్మ. నీడ కోసం కొట్టుకునే కుక్కలు, ఆవకాయ కలుపుతూ తుమ్మే అత్తాకోడళ్లు, మామిడిచెట్టు ఎక్కి దిగలేక కేకలు పెట్టే మునసబు. మునసబుకి మాత్రం ఆ బొమ్మ నచ్చలేదు. అయినా రెండు కొనుక్కున్నాడు.

తొలకరి పడగానే ఆ విసనకర్రలన్నీ పొయ్యిలోకి పోయేవి. అది ఆ ఊరి అలవాటు.

"పొయ్యిలో పెట్టేదానికి ఇంత సింగారం ఎందుకే, తవిటీ?" అని ఆడవాళ్లు నవ్వేవాళ్లు.

"పొయ్యిలో పెట్టేదాకా సూస్తారు కదా," అనేది తవిటమ్మ.

ఆమెకి ఆకులు కొట్టి ఇచ్చేవాడు దాలయ్య. కల్లు గీసే మనిషి. ఒక ఏడు ఎండలు మండిపోతుంటే తవిటమ్మ అతన్ని ఒక కోరిక కోరింది.

"దాలన్నా, ఆ పొడుగు సెట్టు ఆకులు బాగా ఎడల్పు. ఈసారి నాకు అయ్యి కొట్టిస్తావేటి?"

"నువ్వు అడగాలే గానీ," అని దాలయ్య చెట్టెక్కాడు. తవిటమ్మ కింద నిలబడి చూస్తోంది. ఒక ఆకు పడింది. రెండో ఆకు పడింది. మూడో ఆకు పడింది. ఆ వెనకే నడుముకి చుట్టుకున్న మోకు తెగి దాలయ్య పడ్డాడు.

ప్రాణం పోలేదు. నడుం విరిగింది. కట్లు కట్టే వైద్యుడు వచ్చి చూసి, "మూడు నెలలు వెల్లకిలా కదలకుండా పడుకోవాలి. కడుపునిండా తింటే ఎముక అతుకుతుంది. తినకపోతే నా చేతిలో ఏమీ లేదు," అని చెప్పి వెళ్లాడు.

దాలయ్యకి ఇద్దరు కూతుళ్లు. పెద్దది ఎర్రమ్మ, చిన్నది పోలమ్మ. ఇద్దరూ ఆ ఊళ్లోనే కాపురం. ఇద్దరికీ పదేళ్లుగా మాటల్లేవు. దేనికి గొడవ అంటే ఒకరు ఇత్తడి చెంబు దగ్గర అంటారు, ఒకరు కోడిపెట్ట దగ్గర అంటారు, ఒకరు పెళ్లిలో వడ్డన దగ్గర అంటారు. అసలు సంగతి ఆ ఇద్దరికైనా గుర్తుందో లేదో! అక్క పొద్దున్న వచ్చి అంబలి పోసేది. అక్క వెళ్లాక చెల్లి వచ్చి అంబలి పోసేది.

"దాని సేతి అంబలి తాగీసావు. నాది సేదేటయ్యా?" అని చెల్లి కళ్లనీళ్లు పెట్టుకునేది. మర్నాడు అక్కదీ అదే ఏడుపు. దాలయ్య మూడు రోజులు చూశాడు. నాలుగో రోజున ఇద్దరి అంబలీ మానేశాడు. మాట మానేశాడు. ఇంటికప్పు వైపు చూస్తూ పడుకున్నాడు.

ఈ సంగతి విన్న దగ్గర్నుంచి తవిటమ్మకి ముద్ద దిగలేదు. 'నాను అడగబట్టే కదా ఎక్కాడు. ఈ మనిషి పోతే నా సెయ్యే సంపినట్టు,' అనుకుంది. ఆ మూడు ఆకులూ ఆ పొడుగు చెట్టు కిందే ఎవరూ ముట్టకుండా పడి ఉన్నాయి. వాటిని ఇంటికి తెచ్చుకుంది. ఆమెకి చేతనైంది ఒక్కటే. ఆకు కోసి, అంచు కుట్టి, బొమ్మ వెయ్యడం.

మొదటి ఆకుతో విసనకర్ర చేసి, కల్లు తాగి తూలే కాకుల్ని గీసింది. ఊరంతా పగలబడి నవ్వే బొమ్మ అది. ఎర్రమ్మ దానితో విసిరింది. దాలయ్య నవ్వలేదు, కప్పుకేసే చూస్తున్నాడు.

తవిటమ్మ ఇంటికొచ్చి, దాలయ్యలాగే నేల మీద వెల్లకిలా పడుకుని, ఇంకో విసనకర్రతో విసురుకుంది. పైకి చూస్తే వట్టి ఆకు. బొమ్మ అవతలి వైపు ఉంది.

"అయ్యో, నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఇన్నేళ్లూ ఇసిరేవోళ్లకే బొమ్మలేసాను. పడుకున్నోళ్లకి ఒక్కటీ ఎయ్యలేదు," అని నెత్తి కొట్టుకుంది.

రెండో ఆకు తీసింది. ఈసారి బొమ్మ కింద వైపు వేసింది. పోలమ్మ దానితో విసిరింది. ఒంటి చేత్తో గబగబా విసురుతుంటే బొమ్మ అదిరిపోతోంది. దాలయ్యకి కళ్లు తిరిగి రెప్పలు మూసుకున్నాడు.

ఇంక ఒక్క ఆకు మిగిలింది. ఆ పొడుగు చెట్టు ఎక్కేవాడు ఊళ్లో మరొకడు లేడు. దాలయ్య బుగ్గలు అప్పటికే లోపలికి పోయాయి. తవిటమ్మ తొందరపడలేదు. ముందు ఎర్రమ్మ రోలు దగ్గరికి వెళ్లింది.

"ఎర్రా, సిన్నప్పుడు ఎండాకాలం అంటే నీకేటి గుర్తొస్తాదే?"

ఎర్రమ్మ రోకలి ఆపింది. "ముంజకాయల బండి, అత్తా. ముంజెలు మాకు పెట్టీసి, ఆ డొప్పలు సక్రాలుగా గుచ్చి, పంగల కర్ర తగిలించి అయ్య నాకు బండి సేసాడు. సాయంత్రందాకా తోసుకుంటా తిరిగేదాన్ని."

తర్వాత నూతి దగ్గరికి వెళ్లి పోలమ్మనీ అదే అడిగింది. "ముంజకాయల బండి," అంది పోలమ్మ. "అయ్య నాకు సేసిచ్చాడు."

తవిటమ్మ వెనక్కి వచ్చి మూడో ఆకుని కోయకుండా ఎంత వెడల్పుందో అంత వెడల్పూ ఉంచేసింది. నిదానంగా ఊపితేనే బొమ్మ నిలకడగా కనిపిస్తుంది. నిదానంగా ఊపినా గాలి రావాలంటే ఆకు పెద్దది కావాలి. అంత పెద్దది ఒక చేతికి ఆగదు. అందుకని ఆ చివర ఒక పిడి, ఈ చివర ఒక పిడి కట్టింది. కింద వైపు బొమ్మ వేసింది. మిట్టమధ్యాహ్నం, అక్క వెళ్లే వేళకి, చెల్లి వచ్చే వేళకి, దాలయ్య గడపలో కూర్చుంది.

"ఎర్రా, ఈ పిడి పట్టుకో. పోలీ, మంచానికి అటు పోయి ఆ పిడి పట్టుకో. ఒక్క గడియ. నా సేతుల్లో బలం లేదు."

పెద్దామె అడిగితే కాదనలేక ఇద్దరూ పట్టుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అక్క ఎత్తింది, చెల్లి దించింది. ఆకు కిర్రుమంది. చెల్లి ఎత్తింది, అక్క దించింది. గాలి లేదు. మూడోసారి ఇద్దరూ కలిపి ఎత్తి, కలిపి దించారు. దాలయ్య మీదికి చల్లగా గాలి వచ్చింది.

దాలయ్య కళ్లు తెరిచాడు. చూశాడు. చూస్తూ చూస్తూ కిసుక్కున నవ్వాడు.

"ఏటయ్యా?" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఏముందో వాళ్లకి కనిపించదు కదా! పిడులు వదలకుండా ఇద్దరూ వంగి, తండ్రి తలకి చెరో పక్క తల పెట్టి పైకి చూశారు. ముంజకాయల బండి. ఒకే కర్రని పట్టుకుని తోస్తున్న ఇద్దరు ఆడపిల్లలు.

"అది నా బండి," అంది పోలమ్మ.

"నీదేటి? నువ్వప్పుడు సంకలో ఉన్నావు!"

"సంకలో ఉంటే మోకాళ్లు ఎలా దోక్కుపోయాయి?"

"నాను తోస్తంటే అడ్డమొచ్చి పడ్డావు!"

పదేళ్ల తర్వాత అక్కాచెల్లెళ్లు ఆడుకున్న మాటలు ఇవీ! దాలయ్య నవ్వు ఆపుకోలేక నడుం పట్టుకున్నాడు.

"ఒక్క బండే సేసానర్రా. రెండోది సెయ్యడానికి బద్ధకమేసింది. నాకు ఆకలేస్తన్నాది. అంబలి తెండి. ఒక్క గిన్నెలోనే తెండి."

గడపలో కూర్చున్న తవిటమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు సంతోషంతో వచ్చింది. ఆ రోజు ఆమె కూడా అన్నం తింది.

మూడు నెలలకి దాలయ్య లేచాడు. చెట్టు ఎక్కలేదు గానీ, కర్ర పట్టుకుని ఊరంతా తిరిగి ఎక్కేవాళ్లకి సలహాలు చెబుతూ విసిగించాడు. చాలా ఎండాకాలాలు గడిచాయి. ఒక రోహిణికార్తెలో ముసలి తవిటమ్మ మంచం పట్టింది. ఆమెకి పిల్లల్లేరు. ఎర్రమ్మ, పోలమ్మ కొత్తగా రెండు పిడుల విసనకర్ర కట్టి పట్టుకొచ్చారు. కింద వైపు వాళ్లే బొమ్మ గీశారు. ఎన్నడూ కుంచె పట్టని చేతులు.

తవిటమ్మ చాలాసేపు చూసింది. "బండి తిరగేసిన పీతలా ఉన్నాది," అంది. మళ్లీ చూసింది. "మీ ఇద్దరూ సరే. కర్ర పట్టుకున్న ఈ మూడో ఆడగుంట ఎవర్తే?"

"నువ్వే, అత్తా."

తవిటమ్మ కళ్ల కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. ఊరందరి బొమ్మలూ వేసింది గానీ, ఆమెని ఎవరూ వెయ్యలేదు.

"నన్ను ఆడుకోడానికి ఎవరూ పిలవలేదే," అంది. "నెమ్మదిగా ఊపండి. సూసుకోనియ్యండి."

మొదటి వాన పడిన పూట ఆమె కన్నుమూసింది. ఊరి అలవాటు ప్రకారం విసనకర్రలన్నీ పొయ్యిలోకి పోయాయి. ఆమె చేతి బొమ్మ ఒక్కటీ మిగల్లేదు.

కానీ ఇప్పటికీ ఆ వైపు ఊళ్లలో ఎండాకాలంలో ఎవరైనా మంచం పడితే రెండు పిడుల విసనకర్ర కడతారు. కింద బొమ్మలో ఎంతమందిని గీసినా, పక్కన ఒక ఆడపిల్లని అదనంగా గీస్తారు. విసరడానికి మాటల్లేని ఇద్దరిని వెతికి మరీ పిలుస్తారు. కలిసిపొమ్మని ఎవరూ నచ్చజెప్పరు. "తవిటమ్మ పిడి సెరోటి పట్టుకోండి," అంటారంతే. విసిరేవాళ్లకి ఆ బొమ్మ కనిపించదు. చూడాలంటే ఇద్దరూ వంగాల్సిందే.