గానుగెద్దు రెండో విన్నపం

మీరు గానుగ చూశారు కదా? అయితే చెప్పండి, ఏం చూశారు? మాట దాటేయొద్దు. కళ్ళకు గంతలు కట్టిన ఎద్దు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రోలు చుట్టూ తిరుగుతుంటే పక్కన నిలబడి చూశారు. చూసి ఏమన్నారు? "పాపం, ఎంత తిరిగినా ఎక్కడికీ పోదు" అన్నారు. అంతేనా? ఆ ఒక్క మాటే ఒక ముసలి ప్రాణం మీదికి తెచ్చింది. ఎలాగో వినండి.

గుండ్లవాగు అవతల, అడవి అంచున, ఒక రాతిగుహ ఉంది. అది జంతువుల మేతకొట్టు. వానాకాలంలో తలా కొంత గడ్డి ఎండబెట్టి అందులో వేస్తారు. ఎండాకాలంలో అరువు కావలసినవాళ్ళకు కాల్చిన మట్టిబిళ్ళ ఒకటి ఇస్తారు. బిళ్ళ చూపిస్తే రోజుకో మోపు. వానలు పడ్డాక మోపుకు మోపు, పైన ఇంకాస్త కలిపి తెచ్చి వేయాలి. కొట్టుకు పెద్దదిక్కు ఏనుగు పెద్దమ్మ. గుమ్మంలో కూర్చుని ఎవరికి ఇవ్వాలో, ఎవరికి కాదనాలో తేల్చేది గుమాస్తా నక్క. గుమ్మం పైన రాతి మీద, పెద్దమ్మ నాయనమ్మ చెక్కించిన నియమం ఒకటే ఒకటి: "వెళ్ళి తిరిగి వచ్చినవారికే బిళ్ళ."

ఆ ఏడు ఎండలు మండిపోతున్నాయి. వాగు ఎండింది. మైలన్న అనే ఎద్దు కొట్టు ముందుకొచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"ఏమోయ్, ఎవరు నువ్వు? ఎప్పుడూ చూడలేదే" అన్నాడు నక్క.

"మైలన్నను, గుమాస్తాగారూ. ఊరిచివర గానుగలో పనిచేశాను. మిషన్లు వచ్చాక గానుగ మూతబడింది. నన్నూ పుల్లన్ననూ ఇటు తోలేశారు."

"పుల్లన్న ఎవరు?"

"నా జోడు. పొద్దున పూట నేను తిరిగితే మాపటి పూట తను తిరిగేవాడు. గంతల కింద ఉండి ఉండి కళ్ళు పోయాయి. కొండెక్కి మేయలేడు. దగ్గర్లో పరక లేదు. వానల దాకా రోజుకో మోపు దొరికితే బతుకుతాడు. లేకపోతే లేదు."

నక్క తాటాకు తీసి గంటం పట్టాడు. "ఇంతకు ముందు ఇక్కడ బిళ్ళ తీసుకున్నావా?"

"లేదండి."

"ఇంకెక్కడైనా అరువు చేశావా?"

"చేయలేదండి. పెట్టింది తిన్నాం, పెట్టనప్పుడు పస్తున్నాం. ఒకరి గుమ్మం ఎక్కలేదు." ఆ మాట మైలన్న కాస్త తల ఎత్తే చెప్పాడు. అదే తనకు మేలు చేస్తుందనుకున్నాడు.

"సరే. జీవితంలో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా నడిచావు?"

మైలన్నకు అబద్ధం చేతకాదు. "ఎక్కడికీ పోలేదండి. ఉన్నచోటే తిరిగాను."

నక్క గంటం కింద పెట్టాడు. "అయితే కుదరదు. పైన రాత చూశావా? వెళ్ళి తిరిగి వచ్చినవాళ్ళకే. కోతిని చూడు, పన్నెండుసార్లు తీసుకున్నాడు, పన్నెండుసార్లు తెచ్చి వేశాడు. గుమ్మం నిండా వాడి అడుగులే. నీ అడుగు ఒక్కటుందా? నిన్నేం చూసి నమ్మాలి?"

"ఒక్కసారి ఇచ్చి చూడండి."

"ఒక్కసారి తెచ్చి వేసినవాడికే ఇస్తాం."

"మరి ఇవ్వకపోతే ఎలా తెచ్చి వేయను?"

"అది నా పని కాదు. తర్వాతివాళ్ళు రండి!"

మైలన్న వెనుదిరిగాడు. వాగు ఒడ్డున చాకలి గాడిద పోలమ్మ ఎదురైంది. ఊరి మూటలు మోసి మోసి నడుం వంగింది గాని నోరు వంగలేదు.

"ఏం తమ్ముడూ, మొహం అలా వేలాడేశావ్? కాదన్నాడా?"

మైలన్న జరిగింది చెప్పాడు. పోలమ్మ పళ్ళు బయటపెట్టి నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు.

"పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు. అదీ వాడి ధర్మం! కోతి తెచ్చి వేశాడట. ఎక్కడి నుంచి? కొండ అవతలి కొట్టులో అరువు తెచ్చి ఇక్కడ వేస్తాడు, ఇక్కడ తీసుకెళ్ళి అక్కడ వేస్తాడు. వాడికి మర్యాద. నీకు గెంటుడు. ఇప్పుడెక్కడికి?"

"ఇంటికి, అక్కా. కాదన్నాక ఇంకేముంది?"

"ఇంటికెళ్ళి పుల్లన్నకు ఏం పెడతావ్, నీ సిగ్గా? వెనక్కి నడు! కాదన్నది గుమాస్తా. పైన పెద్దమ్మ ఉంది. మూడు రోజుల్లోపు ఆమె దగ్గర రెండో విన్నపం చేసుకోవచ్చు. ఆ సంగతి వాడు చెప్పాడా?"

"చెప్పలేదు."

"చెప్పడు. ఎందుకు కాదన్నాడో ఆకు మీద రాయించుకో. ఆకు లేకపోతే పెద్దమ్మ వినదు. వాడు రాయనంటాడు. కదలకు."

"కదలకుండా నిలబడటం నాకు కష్టం కాదులే" అన్నాడు మైలన్న.

నక్క నిజంగానే రాయనన్నాడు. "కారణాలు కొట్టు లెక్కకు రాసుకుంటాం, బయటికిచ్చే ఆచారం లేదు" అన్నాడు. మైలన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. కసిరినా కదల్లేదు, తోక పట్టి లాగినా కదల్లేదు. వెనక మేకలు, దుప్పులు గోల మొదలెట్టాయి. ఎండ నడినెత్తికొచ్చింది. చివరికి నక్కకు చిర్రెత్తింది.

"ఇదిగో, చావు!" అని తాటాకు లాగి గీకి పారేశాడు. ఏం రాయాలని ఆలోచించలేదు. కళ్ళెదుట రాతి మీద ఉన్న మాటలే తిప్పి రాశాడు: "ఈ ఎద్దు ఎన్నడూ వెళ్ళలేదు. తిరిగి వచ్చిన జాడ లేదు." దుష్టుడి తెలివి సగం వాడి తొందరే తినేస్తుంది.

ఆ రాత్రి పుల్లన్న అడిగాడు, "ఏమైంది?"

"రేపు పెద్దమ్మను కలుస్తున్నా."

"వద్దురా. నా కోసం నువ్వెవరి కాళ్ళ మీదా పడొద్దు."

"పడటం లేదు. అడుగుతున్నా. రెండూ ఒకటి కాదు."



మర్నాడు పెద్దమ్మ ముందు పంచాయతీ జరిగింది. పెద్దమ్మ ఆకు అందుకుని చదివింది. "ఏం నాయనా, ఇందులో తప్పేముంది? నువ్వే ఎక్కడికీ పోలేదన్నావట."

"అమ్మా, నాకు చదువు రాదు. ఒక్క మాట అడుగుతాను. ఆ ఆకు మీద కొట్టు అనే మాట ఉందా?"

పెద్దమ్మ మళ్ళీ చదివింది. "లేదు."

"రాతి మీద?"

"అక్కడా లేదు."

"అరువు అనే మాట?"

"అదీ లేదు. వెళ్ళి తిరిగి రావడమే ఉంది."

"అయితే నాతో గానుగ దాకా రండమ్మా."

నక్క నవ్వాడు. "చూశారా పెద్దమ్మా, ఎద్దు మొండితనం! అక్కడేముంది, పాడుబడిన రోలు తప్ప?"

"ఉన్నదేదో చూద్దాం. నడువు" అంది పెద్దమ్మ. పోలమ్మా, మేకలూ కూడా వెంట కదిలాయి.

గానుగ పైకప్పు కూలిపోయింది. రోలు మాత్రం నిలిచే ఉంది. దాని చుట్టూ గుండ్రంగా ఒక బాట. అలాంటి బాట పెద్దమ్మ అడవంతా తిరిగినా చూడలేదు. నేల మోకాటి లోతు దిగిపోయింది. కింద పరిచిన బండలు గిన్నెల్లా అరిగిపోయాయి. పెద్దమ్మ తన ముందరి కాలు మెల్లగా అందులో పెట్టి చూసింది. చాలాసేపు తియ్యలేదు.

"ఇది ఎవరు తవ్వారు?"

"ఎవరూ తవ్వలేదమ్మా. నేనూ పుల్లన్నా నడిచాం. ఒకచోట మొదలుపెట్టి వెళతాం, మళ్ళీ అక్కడికే తిరిగి వస్తాం. రాకపోతే నూనె దిగదు. నా బతుకంతా అదే చేశాను. వెళ్ళి తిరిగి రావడం తప్ప నాకింకేం తెలియదు. జాడ లేదని రాశారు. జాడ ఇదిగో."

నక్క ముఖం మాడింది. అయినా తేలిగ్గా వదిలే రకం కాదు. "అమ్మా, మోసపోకండి! గంతలు కట్టి, కొరడా ఝళిపించి తిప్పితే తిరిగాడు. అందులో వీడి గొప్పేముంది? నమ్మాల్సింది కొరడాను, వీడిని కాదు."

ఆ మాటకు పెద్దమ్మ కూడా ఆగింది. "దానికేమంటావు నాయనా?"

మైలన్న నక్క వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "గంతలు నా కళ్ళకు కట్టారు గుమాస్తాగారూ, మెడకు కట్టలేదు. నేను లాగే గానుగ దూలం మీద మనిషి కూర్చుంటే ఒక బరువు, దిగిపోతే ఒక బరువు. మధ్యాహ్నం మా యజమాని దిగి వెళ్ళి కునుకు తీసేవాడు. ఆ సంగతి నా మెడకు తెలిసేది. కొరడా లేదు, అరుపు లేదు. ఆగిపోవచ్చు. ఆగితే రోట్లో పిండి గడ్డకట్టి ఊరివాళ్ళ నువ్వులు పాడవుతాయి. ఆగలేదు."

"ఎవరు చూశారు?"

"నేను చూశాను!" అంటూ పోలమ్మ ముందుకొచ్చింది. "ఆ నువ్వుల మూటలు మోసింది నేనే. చెట్టు కింద యజమాని గురక, రోలు దగ్గర వీడి అడుగుల చప్పుడు. ఎన్నిసార్లో! కొరడా చెట్టుకొమ్మకు వేలాడుతుండేది. కావాలంటే దాన్ని పిలిచి సాక్ష్యం అడుగు గుమాస్తా, అది నీ చుట్టమేగా."

చుట్టూ ఉన్న మేకలు కిసుక్కున నవ్వాయి. పెద్దమ్మ నవ్వలేదు.

"మా నాయనమ్మ ఆ రాత ఎందుకు చెక్కించిందో తెలుసా?" అంది. "ఒక కరువులో మేత తీసుకుని కొండ దాటిపోయి కొందరు మళ్ళీ మొహం చూపలేదు. మాట మీద నిలబడేవాడెవడో, జారిపోయేవాడెవడో చూసుకోమని చెక్కించింది. నిలబడేవాడు ఎలా ఉంటాడో ఈ నేల మీద ఉంది. గుమాస్తా, నువ్వు ఏళ్ళ తరబడి గుమ్మం ముందు బురదలో అడుగులే చూశావు. మనిషిని... జంతువును చూడలేదు. బిళ్ళ ఇవ్వు."

నక్క బిళ్ళ ఇచ్చాడు. మైలన్న మొదటి మోపు కొమ్ముల మీద పెట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్ళాడు. పుల్లన్న కుప్పలా పడి ఉన్నాడు. గడ్డి వాసనకు ముక్కుపుటాలు కదిలాయి.

"దానమా?" అన్నాడు.

"కాదు. అరువు. వానలు పడ్డాక తీర్చాలి. తిను."

అప్పుడు తిన్నాడు.

కొట్టు దగ్గర మాత్రం పెద్దమ్మ కదల్లేదు. "ఇన్నేళ్ళలో కాదన్న ఆకులన్నీ తీసుకురా" అంది. నక్క లోపలికి వెళ్ళి తెచ్చాడు. ఒక కట్ట కాదు, నాలుగు మోపులు. పెద్దమ్మ ఒక్కొక్కటే చదివింది. అన్నిటి మీదా ఒకే ముక్క, జాడ లేదు, జాడ లేదు.

"వీళ్ళలో ఒక్కరూ నా దగ్గరికి రాలేదేం?"

"ఒప్పుకున్నారనుకున్నానమ్మా" అన్నాడు నక్క నేల చూస్తూ.

"ఒప్పుకున్నారా, ఓపిక లేక పోయారా? మోపులు నెత్తికెత్తుకో. ప్రతి గడపకూ నువ్వే పో. రెండో విన్నపం ఉందని, వాళ్ళకు మూడు రోజుల గడువు వర్తించదని నీ నోటితో చెప్పు."

జీవితంలో బరువెత్తని నక్క ఆ మోపులు మోస్తూ ఎండలో బయలుదేరాడు. దారి పొడుగునా జంతువులు నిలబడి చూశాయి. "కొత్తా గుమాస్తా? నడుం కాస్త వంచితే నొప్పి తెలియదు" అని పోలమ్మ మెళకువ చెప్పింది.

మూడు గడపల్లో తిట్లు తిన్నాడు. నాలుగోది ఒక కుందేలు బొరియ. పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. లోపల్నుంచి ఎవరూ పలకలేదు. గుమ్మానికి సాలెగూడు అల్లుకుని ఉంది. ఆకు పట్టుకుని నక్క అక్కడే నిలబడిపోయాడు. దాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తెలియలేదు.

అరువు చేసినవాడి జాడ గుమ్మం ముందు ఉంటుంది, చెమటోడ్చినవాడి జాడ వెతికితేనే కనబడుతుంది.

మరి, కాదన్న మాట విని నోరు మెదపకుండా వెళ్ళిపోయిన ఆ కుందేలు తరఫున, ఆ రోజు అడగవలసింది ఎవరు?