మూడో రొట్టె

ఏ ఊళ్ళో జనం తనని భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారో, అదే ఊరి సంతలో ఒక ముసలామె బెర్నాల్ ఎదట ఖాళీ సంచి దులిపి చూపించి తన దారిన తను వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచీ అతనికి ముద్ద సహించలేదు, కంటిమీద కునుకు లేదు.

బెర్నాల్ ఆ దేశానికి ఆహార మంత్రి. నేల కింది చమురు తప్ప చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేని దేశం అది. పేదల ప్రభుత్వం వచ్చాక అతను చమురు డబ్బుతో ఓడల నిండా పిండి తెప్పించి, పేటపేటకీ ప్రజా దుకాణాలు తెరిచి, దాదాపు ఊరికే పంచిపెట్టాడు. పస్తులు పడుకునే పిల్లలు కడుపునిండా తిన్నారు. ఆ మాట అతని శత్రువులైనా ఒప్పుకోవాలి. కాకపోతే, ఓడ పిండి అంత చవగ్గా దొరుకుతుంటే కొండల్లో మొక్కజొన్న వేసేవాళ్ళు పలుగూ పారా మూలన పడేశారు. అంతలో చమురు ధర కుప్పకూలింది. ఓడలు రావడం మానేశాయి.

కొండ మీది మఠానికి కారు పోదు. మంత్రిగారు నడిచే వెళ్ళాడు. తల్లీతండ్రీ లేని తనని చేరదీసి, చదువు చెప్పి మనిషిని చేసిన ఫాదర్ ఎలీసియో అక్కడే ఉన్నారు. నీ తప్పేం లేదు నాయనా అని ఆయన నోట వింటే చాలు, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోవచ్చునని అతని ఆశ.

"నా చేతి కూడు తిన్నవాళ్ళే నా మొహం చూడటం లేదు, ఫాదర్," అన్నాడు అరుగు మీద కూలబడుతూ. "నాకంటూ ఏమీ దాచుకోలేదు. ఆకలిగా ఉన్నవాళ్ళకి పెట్టాను. అది తప్పా?"

"పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా?"

"లేదు."

"ఉండు," అని ముసలాయన వంటింట్లోకి వెళ్ళారు.

తిరగలి చప్పుడు వినిపించింది. కాసేపటికి పొగలు కక్కే మొక్కజొన్న రొట్టె వచ్చింది. బెర్నాల్ అది తింటూనే పడిపోయిన ధర గురించి, అప్పు పుట్టనివ్వని పెద్ద దేశాల గురించి, సరుకు దాచేసిన వ్యాపారుల గురించి ఏకరువు పెట్టాడు. అవన్నీ నిజాలే. ఫాదర్ ఊకొడుతూ విన్నారు.

"ఎంత బాగుందో, ఫాదర్. ఈ రుచి చూసి ఎన్నేళ్ళయిందో. ఇంకోటి ఉందా?"

ఆయన ఏదో అనబోయి ఆగారు. "చేస్తాను," అన్నారు.

మళ్ళీ తిరగలి తిరిగింది. మూడోది అడగడానికి బెర్నాల్ కొంచెం మొహమాటపడ్డాడు గానీ, అడిగాడు.

తిన్నాక పళ్ళెం కడుక్కుందామని వంటింట్లోకి వెళ్ళాడు. పొయ్యి పైన దూలానికి కట్టిన తాడు బోసిగా వేలాడుతోంది. కింద గింజలు ఒలిచేసిన బెండ్లు పడి ఉన్నాయి.

ఆ తాడేమిటో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ కొండల్లో ప్రతి ఇంట్లోనూ పైయేటి విత్తనపు కంకుల్ని పొయ్యి మీదే కడతారు, పొగకి పురుగు పట్టకుండా. కరువులో అడవి దుంపలు తవ్వుకు తిన్నవాళ్ళు కూడా వాటి మీద చెయ్యి వేయరు. అతను మూడు రొట్టెలు తిన్నాడు. పొయ్యి దగ్గర కూర్చున్న ఫాదర్ వైపు తిరిగాడు.

"విత్తనం పెట్టారా నాకు? రేపు వానలు పడితే ఏం నాటుతారు?"

"తెలీదు," అన్నారు ఫాదర్. "ఇంట్లో ఇంకేమీ లేదు. ఆకలితో వచ్చావు, మొదటిది పెట్టాను. దానికి నేనేం బాధపడను."

"రెండోది అడిగినప్పుడైనా చెప్పొచ్చు కదా?"

ఫాదర్ పొయ్యిలోంచి కట్టె వెనక్కి లాగారు.

"చెబుదామనే అనుకున్నాను. ఎంత బాగుందో అన్నావు. ఆ మాట విన్నాక చెప్పడానికి నోరు రాలేదు."

బెర్నాల్‌కి సభలు గుర్తొచ్చాయి, మైదానాలు దద్దరిల్లిన జేజేలు గుర్తొచ్చాయి. చమురు డబ్బు ఎల్లకాలం ఉండదు, పొలాలు వదలొద్దు అని ఆ సభల్లో చెబుదామనుకున్న రోజులూ గుర్తొచ్చాయి.

"నాకూ రాలేదు, ఫాదర్," అన్నాడు.