కొలువుకూటం ముందు రాతిగుర్రం

ఓరుగల్లులో కొలువుకూటం ముందు కొత్తగా నిలిపిన రాతిగుర్రాన్ని చూడ్డానికి ఊరు ఊరంతా కదిలివచ్చింది. ఆ వీధిలో రాతి తోరణాలకూ, వీరుల గుర్తుగా నిలిపిన వీరగల్లులకూ లోటు లేదు. కానీ ఆ రోజు అందరి కళ్లూ గుర్రం మీదే. చెవులు రిక్కించి, ముందుకాలొకటి ఎత్తి, ఇప్పుడో ఇంకాసేపటికో దూకేట్టుంది.

చెక్కినవాడు కేతోజు. పొద్దున తెర తొలగగానే జనం పెట్టిన కేకకి అతని ఒళ్లు పులకరించింది. మధ్యాహ్నానికి ఆ పులకరింత కాస్తా మంటయింది.

జనం గుర్రం ఎక్కుతున్నారు!

గాజులమ్మే ఆవిడ ఎక్కింది. కాపలా భటుడు బల్లెం పక్కన పెట్టి మరీ ఎక్కాడు. కొత్త పెళ్లికొడుకొకడు ఎక్కి మీసం మెలేశాడు. నూనె చేతులు, మట్టి కాళ్లు. అద్దంలా నునుపు తేల్చిన వీపంతా మరకలే.

కేతోజు నగరాధికారి దగ్గరికి పరిగెత్తాడు.

"అయ్యా, చుట్టూ గొలుసు కట్టించండి. దూరం నుంచి చూసి పోతారు."

"సరే. మీ గురువుగారితో ఓ మాట చెప్పి కట్టుకో" అని ఆయన గొలుసిచ్చి ఇద్దరు మనుషుల్ని పంపాడు.

కేతోజుకి ఉలి పట్టడం నేర్పినవాడు ముసలి మల్లోజు. ఆయన కోసం అరుగుల మీదా, తోరణాల నీడలోనూ వెతికాడు. ఎక్కడా లేడు. చివరికి గుర్రం దగ్గరే కనిపించాడు. ఎక్కడానికి కట్టిన వరసలో, పంచె ఎగ్గట్టి, ముందువాళ్లని తోసేంత ఆత్రంగా.

"గురువుగారూ! మీరిక్కడా?"

"వచ్చావా! ఆ గొలుసెందుకురా?"

"గుర్రం చుట్టూ కట్టడానికి. మీరు సరేనంటే..."

"కడుదువుగాని. ముందు నా వంతు కానీ! ఇదిగో, వచ్చేసింది. చెయ్యందించు."

కేతోజు వంగి దోసిలి పట్టాడు. ముసలాయన అందులో కాలు పెట్టి, ఒక్క ఊపున పైకెక్కి, రాతి జూలు పట్టుకుని మడమలతో పొడిచాడు.

"హెయ్! హెయ్! పరిగెడుతోందిరా కేతోజూ!"

ఈలలూ చప్పట్లతో వీధి దద్దరిల్లింది. దిగేటప్పుడు ఆయన కళ్లు తడిగా మెరుస్తున్నాయి. గోడవారనున్న రెండు రాతి సింహాల వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"నావే. పెట్టి ముప్ఫయ్యేళ్లు. ఎప్పుడైనా ఎవరైనా ఎక్కగా చూశావా?"



"ఎక్కడ కట్టమంటారు?" అంటూ గొలుసువాళ్లు వెనక్కి తిరిగారు. కేతోజు అప్పటికే వెళ్లి వరస చివర నిలబడ్డాడు.