జడలబండ అమ్మవారి వేయని రెండో జడ

జడలబండకు వచ్చే యాత్రికులకు అమ్మవారి కంటే ముందు తండ్రుల దర్శనం అవుతుంది. మెట్ల దగ్గర నుంచి గర్భగుడి గడప వరకు వారు బారులు తీరి చతికిలబడి ఉంటారు. ఒక్కొక్కరి ముందు ఒక్కో ఆడపిల్ల, పళ్ల మధ్య రబ్బరు బ్యాండు, చేతిలో దువ్వెన, ముఖం నిండా చెమట. లారీ నడిపేవారైనా, బ్యాంకులో మేనేజరైనా ఇక్కడ అందరిదీ ఒకటే అవస్థ. తల్లులు తాడు కట్టిన చోటికి అవతల నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతుంటారు. నవ్వవచ్చును గానీ సలహా చెప్పరాదు. చెబితే పూజారి ఆ జడ విప్పించి మళ్లీ మొదటి నుంచి వేయిస్తారు.

ఆడపిల్ల జుట్టు జడకు అందిన ఏడు ఆ తొలిజడ ఈ సన్నిధిలో, తండ్రి చేతులతో పడాలన్నది ఇక్కడి ఆచారం. జడ ఎంత వంకరగా వచ్చినా మరునాటి ఉదయం వరకు విప్పకూడదు. జడ వేస్తున్నంతసేపు తండ్రి వెనుదిరిగి చూడకూడదు.

ఇక గర్భగుడిలోని అమ్మవారు చెక్కిన విగ్రహం కాదు. భక్తులకు వీపు చూపి కూర్చున్న ఆడపిల్లలా కనిపించే బండ. ముఖం కొండవైపు ఉండటం వల్ల దానిని చూసినవారు లేరు. ఎడమవైపు పాయలు పాయలుగా ఒక జడ, అదీ చేయి తిరగని వారెవరో వేసినట్టు వంకరటింకరగా వేలాడుతుంది. కుడివైపు జుట్టు విరబోసి ఉంటుంది. ఆ జుట్టులో చిన్నపిల్ల వేళ్లు పట్టేంత గుంటలు ఉన్నాయి. శిల్పి పని సగంలో వదిలేశాడని అనుకునేవారు ఈ కథ తప్పక వినాలి.

పూర్వం ఇక్కడ గుడి లేదు, మెట్లూ లేవు. కొండ కింద గొంగడిపల్లె అనే ఊరు, తుమ్మచెట్లు, మేకలు, అంతే. ఆ ఊరిలో మాళింగప్ప అనే కురువ గృహస్థు మేకబొచ్చుతో తాళ్లు పేని బతికేవాడు. పనితనంలో అతనికి పేరుండేది. అంతకు మించి అనుమానంలో పేరుండేది. దారిలో ఎవరైనా పలకరిస్తే ఎందుకు పలకరించారని అనుమానం. పలకరించకుండా పోతే ఏం దాచుకుపోతున్నారని అనుమానం. కుండలో బెల్లం తరిగితే చీమలను వదిలి చుట్టాలను తలచుకునే మనిషి. అతని భార్య బసమ్మ నవ్వు ముఖం గల ఇల్లాలు కాబట్టి ఆ సంసారం సాగుతూ వచ్చింది.

బసమ్మ మూడో కాన్పుకు పుట్టింటికి బయలుదేరినప్పుడు ఆరేళ్ల లింగక్కను, మూడేళ్ల ముద్దక్కను వెంట తీసుకుపోతానన్నది. మాళింగప్ప ససేమిరా అన్నాడు. పిల్లలు మేనమామల ఇంట్లో మరిగితే తిరిగి పంపరేమోనని అతని భయం. అలా ఆడపిల్లలిద్దరూ తండ్రి దగ్గర ఉండిపోయారు. అతడు వారికి సంగటి కెలికి పెట్టేవాడు, నీళ్లు పోసేవాడు. తల మాత్రం ముట్టలేదు. జడ వేయడం ఆడవారి పని అని అతని లెక్క. రోజంతా పాయలు కలిపి తాళ్లు పేనే మనిషి కూతుళ్ల నెత్తిన పిచ్చుకగూళ్లు పెరుగుతుంటే చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఒకనాటి సాయంకాలం పిల్లలు కొండ మీద ఆడుకొని ఇంటికి వచ్చారు. ఇద్దరికీ చక్కగా దువ్విన తలలు, రెండేసి జడలు, జడ చివర అడవి మొల్లలు. మాళింగప్ప చేతిలోని తాడు వదిలేసి లింగక్కను దగ్గరకు లాగి జడను వేళ్లతో తడిమాడు. ఏ తాడు చూసినా అది ఎవరు పేనిందో చెప్పగల చేయి అతనిది. నాలుగు పాయలతో, ఎక్కడా సడలని ఆ అల్లిక ఊరిలో ఎవరిదీ కాదని అతనికి తెలిసిపోయింది.

"ఎవురే మీకు జడలేసింది?" అని అడిగాడు.

"అక్క."

"ఏ అక్క?"

"బండకాడి అక్క. చెల్లెలికి ఒంటికాలి మీద గెంతేది గూడా నేర్పించింది."

"ఎవురి బిడ్డ?"

"ఎవురి బిడ్డా కాదంట, నాయినా."

మాళింగప్పకు అనుమానం రెట్టింపయింది. ఎవరి బిడ్డా కాని మనిషి తన బిడ్డలతో ఏం పని పెట్టుకున్నది? అక్కడికక్కడే జడలు విప్పేశాడు. పిల్లలు ఏడ్చారు. ఏడుస్తున్న లింగక్క నోటిలో అతనికి ఒక ఖాళీ కనిపించింది.

"ముందరి పన్ను యాడ పోయింది?"

"ఎప్పుడో ఊడిపోయె. అక్క దాన్ని బండ సందులో దాచిపెట్టింది."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పినా నాయినా. నువ్వు తాడు పేనుతాండావు" అన్నది లింగక్క ముక్కు ఎగబీలుస్తూ.

ఆ మాట అతని గుండెలో ముల్లులా దిగింది. అయితే అనుమానపు మనిషికి బాధ కూడా అనుమానంగానే బయటపడుతుంది. తన ఇంటి పిల్ల తొలిపన్ను ఊడిన సంగతి తనకంటే ముందు తెలిసిన ఆ మనిషి ఎవరు? పిల్లలను మచ్చిక చేసుకొని ఎత్తుకుపోయేవారు ఇట్లాగే కదా మొదలుపెడతారు? తెల్లవారగానే పొరుగింటి ఓబులక్కను నిలదీశాడు. ఓబులక్క వయసు మళ్లిన మనిషి, ఎవరికీ జంకేది కాదు.

"నీ బిడ్డల నెత్తిన చెయ్యి పెడితే నూనె దొంగిలించినానంటావు నువ్వు. నాకెందుకప్పా ఆ పీడ?" అని విసురుగా చెప్పి లోపలికి పోయింది. నూనె మాట ఆమె ఎందుకెత్తిందా అని మాళింగప్ప ఆ పూటంతా ఆలోచించాడు.

ఆనాటి నుంచి పిల్లలకు కొండ దారి మూసేశాడు. మేకబొచ్చు కోసం పొరుగూరు పోవలసి వచ్చిన రోజున ఇద్దరి నడుములకూ తాడు కట్టి, రెండో కొసను ఇంటి నడిమి స్తంభమైన నిట్టాడికి బిగించి, ఓబులక్కను అరుగు మీద కాపలా కూర్చోబెట్టాడు. తిరిగి వచ్చేసరికి పిల్లలు కట్టిన చోటనే ఉండి కిలకిలా నవ్వుకుంటున్నారు. తలలు దువ్వి ఉన్నాయి. జడలు వేసి ఉన్నాయి. అతను తన చేతులతో పేనిన తాడు పాయలుగా విడిపోయి, నిట్టాడి దగ్గర నుంచి నడుము దాకా నాలుగు పాయల జడగా అల్లి ఉన్నది. కొసన అడవి మొల్లలు కూడా ఉన్నాయి. ఈగ కూడా లోపలికి పోలేదని ఓబులక్క ప్రమాణం చేసింది. ఆమె నిద్రపోయిందని అతడూ ప్రమాణం చేశాడు.

దేవతే వచ్చిందని మరొకరైతే చెంపలు వేసుకునేవారు. మాళింగప్ప మాత్రం దొంగ మరీ జాణ అనుకున్నాడు. సంతకు పోతున్నానని పిల్లలకు చెప్పి, తాడు చుట్ట భుజాన వేసుకొని ఊరు దాటాడు. చుట్టు తిరిగి కొండెక్కి బండ చాటున పొంచి కూర్చున్నాడు.

కొంతసేపటికి పిల్లలు పరుగున వచ్చారు. బండ మీద ఒక పడుచుపిల్ల కూర్చొని ఉన్నది. పసుపుపచ్చ పావడా, భుజాల మీదుగా నేల దాకా జారిన జుట్టు. ఆమె లింగక్కకు, ముద్దక్కకు తలలు దువ్వి జడలు వేసింది. ఆ తరువాత వారికి వీపు తిప్పి కూర్చొని, "మరి నాకో?" అన్నది. లింగక్క ఎడమవైపు కూర్చొని, ఊడిన పంటి సందున నాలుక పెట్టి, శ్రద్ధగా ఒక జడ వేసింది. అది ఎట్లా రావాలో అట్లాగే వంకరగా వచ్చింది. కుడివైపు ముద్దక్క రెండు చేతుల నిండా జుట్టు పట్టుకొని, ఏ పాయ ఎటు పోవాలో తెలియక పకపకా నవ్వుతున్నది. తన కూతురు అంత గట్టిగా నవ్వగలదని మాళింగప్పకు అప్పటిదాకా తెలియదు. నిజం చెప్పాలంటే అతనిని అక్కడి నుంచి లేపినది ఆ నవ్వే.

ఒక్క ఉదుటున వచ్చి ఆ పడుచు కుడివైపు జుట్టును పిడికిట పట్టి, "ఎవురు నువ్వు? నా బిడ్డలతో నీకేం పని?" అని గుంజాడు.

ఆమె వెనుదిరగలేదు. అతని పిడికిటిలోని జుట్టు చల్లబడి రాయి అయింది. పావడా రాయి అయింది. చూస్తుండగా అక్కడ మనిషి లేదు, బండ మిగిలింది. అతని చేయి జారి బయటకు వచ్చింది గానీ ముద్దక్క వేళ్లు మాత్రం ఆ రాతిజుట్టులో చిక్కుకుపోయాయి. పిల్ల కెవ్వుమన్నది.

మాళింగప్ప లాగి చూశాడు. పిల్ల ఏడుపు హెచ్చింది. లింగక్క పరుగున పోయి పిలవగా ఓబులక్క ఆముదపు చిప్పతో ఆయాసపడుతూ వచ్చింది. ఆముదం పోసినా వేళ్లు కదలలేదు. వెంట వచ్చినవారిలో ఒకడు సుత్తి, ఉలి తెచ్చాడు. రాయితో పాటు పసివేళ్లు కూడా పోతాయని మాళింగప్ప అతని కాళ్లు పట్టుకొని ఆపాడు. బిడ్డలను ఎవరో ఎత్తుకుపోతారని ఇన్నాళ్లు కాపు కాసినవాడు తన చేతులతోనే బిడ్డను రాతికి అప్పగించినట్టయింది. ముద్దక్కను ఒడిలో పెట్టుకొని కూర్చొని బావురుమన్నాడు. ఏడ్చి ఏడ్చి ఎండలో కళ్లు మూతపడ్డాయి. ఆ కునుకులో అతనికి ఆ పడుచు గొంతు వినిపించింది.

"మాళింగప్పా, నీ బిడ్డను నేను పట్టలేదు. నువ్వు పట్టిన పట్టే బిగుసుకున్నాది. నేను బండకు పుట్టినదాన్ని, నా తల దువ్వే నాయిన లేడు. నాయిన ఉన్న బిడ్డలు చింపిరి తలలతో తిరుగుతాంటే చూల్లేకపోయినా. నన్ను గుంజిన చేత్తో నీ బిడ్డకు జడ వెయ్యి. వేసేటప్పుడు నాపక్క చూడొద్దు."

మేలుకొని ముద్దక్కను ఓబులక్క ఒడిలోకి మార్చి, బండకు వీపు తిప్పి కూర్చొని పెద్దకూతురిని పిలిచాడు. లింగక్క రాలేదు. "నువ్వు గుంజుతావు" అని ఓబులక్క వెనుక నక్కింది. మాళింగప్ప తాళ్ల మచ్చలు పడిన చేతులు చాచి, "గుంజనమ్మా. ఎట్ల వెయ్యల్లో నువ్వే చెప్పు" అని బతిమాలాడు. ఆ పిల్ల చాలాసేపు తండ్రి ముఖం వంక చూసి, చివరికి వచ్చి అతని ముందు కూర్చొని తన జడ తానే విప్పుకున్నది.

మూడు పాయలు తీయమని కూతురు చెప్పింది. తీశాడు. ఒకటి మీదుగా ఒకటి వేయమన్నది. వేశాడు. ఇంతలో వెనుక బండ దగ్గర ఎవరో నవ్వినట్టయింది. ఎవరా అని తల తిప్పేసరికి అంత జడా జారి విడిపోయింది. మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఎవరో తన భుజం మీదుగా తొంగి చూస్తున్నట్టనిపించింది. మళ్లీ చూశాడు, మళ్లీ విడిపోయింది. పుట్టిన నాటి నుంచి వెనుక ఏం జరుగుతున్నదోనని బతికిన మనిషికి ముందున్న దానినే చూడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. వెనుక ముద్దక్క వెక్కిళ్లు వినిపిస్తున్నాయి. అతడు పళ్లు బిగబట్టి కూతురి తలను చూశాడు. పాపిట పక్కన ఒక పుట్టుమచ్చ ఉన్నది. ఆరేళ్లలో అతడు దానిని చూడటం అదే మొదలు. ఆ తరువాత వెనుక ఎవరు నవ్వినా అతనికి వినిపించలేదు.

పొద్దు వాలే వేళకు ఆ జడ పూర్తయింది. అది జడ అంటే జడ, కాదంటే కాదు. లింగక్క దానిని తడిమి చూసుకొని, "వంకరగా ఉండాది. కానీ నొప్పి పుట్టలేదు నాయినా" అన్నది. ఆ మాట పూర్తి కాకముందే ముద్దక్క రాతి నుంచి చేయి తీసుకొని ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చి, "నాకూ!" అని అక్కను తోసి తండ్రి ముందు కూర్చున్నది. మాళింగప్పకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ పిల్లకూ జడ వేసిన తరువాత అతడు అమ్మవారి కుడివైపు జుట్టు మీద చేయి వేసి, "నీకూ వేస్తాను తల్లీ" అన్నాడట. రాయి మళ్లీ జుట్టు కాలేదు. లింగక్క అతని వేలు పట్టుకొని బండ పక్కకు తీసుకుపోయి సందులో దాచిన పన్ను చూపించింది. మాళింగప్ప దానిని అరచేతిలో పెట్టుకొని, "ఎట్ల ఊడింది? మొదటి నుంచి చెప్పు" అన్నాడు. ఆ పిల్ల కొండ దిగేదాకా చెబుతూనే ఉన్నది. అతడు మధ్యలో ఒక్క ఆరా కూడా తీయలేదు.

బసమ్మ చంటిబిడ్డతో తిరిగి వచ్చింది. మూడోదీ ఆడపిల్లే. గడపలోనే పెద్దపిల్లల జడలు చూసి నిలబడిపోయి, "లింగక్క నాయినా, ఎవురేసినారు ఇవి?" అని అడిగింది.

"నేనే."

బసమ్మ జడను ఇటు తిప్పి అటు తిప్పి చూసి, భర్త ముఖం చూసి, "నిజం చెప్పు. ఎవురు వచ్చిపోతాండారు ఇంటికి?" అన్నది. ఎన్ని ఒట్లు పెట్టినా ఆమె నమ్మలేదు. చివరికి మూడో పిల్ల జుట్టు జడకు అందిన ఏడు, మాళింగప్ప అందరినీ బండ దగ్గరకు తీసుకుపోయి, భార్య కళ్లెదుట ఆ పిల్లకు తొలిజడ వేసి చూపించవలసి వచ్చింది. పక్కన నిలబడి బసమ్మ సలహాలు మొదలుపెట్టగానే జడ విడిపోయిందట. తల్లులను తాడుకు అవతల నిలబెట్టే ఆచారం అక్కడి నుంచే వచ్చినదని పెద్దలు చెబుతారు.

నేటికీ జడ వేస్తున్న తండ్రులకు వెనుక ఎవరో ఉన్నట్టు తోస్తుంది. తిరిగి చూసినవారి జడ విడిపోవడం ఇక్కడ రోజూ జరిగేదే, అందువల్ల ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. జడ ముగిసిన తరువాత తండ్రి, కూతురు కలిసి అమ్మవారి విరబోసిన జుట్టు మీద ఒక పూలదండ ఉంచి, "నీకు బాకీ ఉన్నాము తల్లీ" అని చెప్పుకొని దిగుతారు. చిన్నపిల్లలు రాతిగుంటలలో వేళ్లు పెట్టి తీసి ముద్దక్కను తలచుకుంటారు. ఈ మొక్కు తీరిస్తే పిల్లల తలలో పేలు పోతాయని కొందరు అంటారు గానీ దానికి పూజారి పూచీ పడరు. ఆయన పూచీ పడే ఫలం ఒక్కటే. ఇక్కడ తొలిజడ వేసిన తండ్రికి కూతురు ఏ సంగతైనా మొదట చెబుతుంది, అతనికి అది వినిపిస్తుంది.

తిరిగి వెళ్లేటప్పుడు బండ పక్కనున్న సందును చూడటం మరువవద్దు. అక్కడ దీపం ఉండదు, హుండీ ఉండదు. తండ్రులు కాగితాలలో పొట్లం కట్టి, జేబుల్లో దాచుకొని, ఎంతెంత దూరాల నుంచో తెచ్చి పెట్టిన పాలపళ్లు ఉంటాయి.