గుర్రానికి చారు, మనకి గుగ్గిళ్ళు

అనగనగా ఒక ఊరు. ఆ ఊరి నెత్తిన కొండ, ఆ కొండ నెత్తిన మంచు. మంచంటే మనకి ధనుర్మాసంలో పొద్దున్నే కనిపించే పొగమంచు కాదు నాన్నా. ఫ్రిజ్ పై అరలో గోడలకి తెల్లగా పేరుకుంటుంది చూడు, అది. ఆకాశంలోంచి దూదిపింజల్లా రాలి, గడప దాకా, కిటికీ దాకా పేరుకుపోతుంది. బిందెలో నీళ్ళు రాయైపోతాయి. ఆరేసిన చీర అప్పడంలా నిలబడుతుంది. అంత చలి అన్నమాట.

ఆ ఊళ్ళో పేరిందేవి అని ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడకి మూడు గుర్రాలు. నల్లగా ఉండేది మిరియం. ఎర్రగా ఉండేది బెల్లం. మూడోది ఆడగుర్రం, మీగడ రంగు, దాని పేరు జున్ను. జున్ను అప్పుడు కడుపుతో ఉంది.

ఎండాకాలమంతా ఆ మూడూ కొండ కిందనుంచి బియ్యం, ఉప్పు, కిరసనాయిలు మోసుకొచ్చేవి. ఆ మోతకూలితోనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. అందుకని పేరిందేవి పొద్దున్నే తన గంజి తాగేముందు వాటి దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్కదాని మెడ మీద చెయ్యేసి, "మీరు మోస్తేనే మేం తింటున్నాం" అనేది. ఎవరైనా "నీ గుర్రాల్ని బాగా సాకుతావమ్మా" అంటే, "నేను సాకడమేమిటి, అవే నన్ను సాకుతుంటేనూ" అనేది.

ఆవిడకి ఒక కొడుకు. వాడికి ఎండదేశం పిల్లతో పెళ్ళయింది. ఎండదేశమంటే మనలాంటి ఊరేలే, రోళ్ళు పగిలే ఎండలు. ఆ పిల్ల పేరు తాయారు. మంచుకొండలో తాయారుకి అదే మొదటి చలికాలం.

అప్పుడేమయిందంటే, కొడుకు పని మీద పక్క లోయకి వెళ్ళాడు. వెనకాలే పెద్ద మంచు పడి దారి మూసుకుపోయింది. ఆ మర్నాడే పేరిందేవి వాకిట్లో జారిపడింది. కాలు విరిగింది. ఊళ్ళో కట్లు కట్టే ఆయన వచ్చి, వెదురుబద్దలు పెట్టి కట్టుకట్టి, "ఈ కాలు నేల మీద మోపావో, తర్వాత నన్ననకు" అని చెప్పి వెళ్ళాడు.

"ఒసే తాయారూ, ఇక గుర్రాలు నీవే" అంది అత్తగారు.

"నాకు గుర్రాల సంగతేం తెలుసత్తయ్యా? మా పుట్టింట్లో గేదెలు."

"దానికీ నాలుగు కాళ్ళే, దీనికీ నాలుగు కాళ్ళే. వెళ్ళు."

తాయారు వెళ్ళింది. చూస్తే ఏముంది? మూడు గుర్రాలూ వాకిట్లో నిలబడి ఉన్నాయి. వీపుల మీద తెల్లగా మంచు. "అయ్యో, నా తల్లుల్లారా!" అనుకుంది. మనకి చలేస్తే ఏం చేస్తాం? వేడివేడి నీళ్ళు పోసుకుంటాం కదా. సరిగ్గా అదే చేసింది. మిరియాన్ని పట్టుకుని, ఒళ్ళంతా నువ్వులనూనె రాసి, శుభ్రంగా తలంటు పోసింది. నవ్వకు! ప్రేమతోనే పోసింది పాపం.

నీళ్ళు పోసినంతసేపూ మిరియానికి హాయిగానే ఉంది. ఆ తర్వాత తడి బొచ్చు మీద గాలి తగిలింది. అప్పుడు గజగజ వణికింది. పళ్ళు టకటకలాడిన చప్పుడు అత్తగారి మంచం దాకా వినిపించింది.

"ఏం చేశావే?"

"మిరియానికి తలంటు పోశానత్తయ్యా."

"గుర్రానికా! ఇవాళ దీపావళి అనుకున్నావా? సాంబ్రాణి పొగ కూడా వేశావా?"

ఏదీ, నువ్వు చెప్పు. వీపు మీద మంచు కరక్కుండా ఉందంటే అర్థమేమిటి? ఆలోచించు. లోపలి వేడి బయటికి పోవడం లేదన్నమాట! పోతే మంచు కరిగేది కదా. చలికాలంలో గుర్రానికి దట్టంగా బొచ్చు పెరుగుతుంది. చలేసినప్పుడు ఆ వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. పిచ్చుక ఉబ్బి బంతిలా కూచుంటుంది చూడు, అలాగ. తడిస్తే ఆ వెంట్రుకలు అణిగిపోతాయి. అప్పుడు అంత బొచ్చూ ఉండీ లేనట్టే.

పాపం తాయారు ఎండుగడ్డి చుట్టలు చేసి, గోనెపట్టాలు తెచ్చి, బొచ్చు పొడిపొడిగా ఆరేదాకా మిరియాన్ని రుద్దుతూనే ఉంది. చేతులు కందిపోయాయి.

ఆ తర్వాత అనుకుందీ, 'అసలు చలిగాలే రాకుండా చేస్తాను.' గుర్రాల సాలలో ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ గోనెలు, పాత చీరలు కుక్కేసింది. పై కిటికీ కూడా మూసేసింది. మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి లోపల పొగలాగా ఆవిరి. ఘాటు వాసన. బెల్లం ఖళ్ళుఖళ్ళున దగ్గుతోంది. దాని కళ్ళమ్మట నీళ్ళు.

"సాలంతా మూసేశావా? అదేమన్నా ఊరగాయ జాడీ అనుకున్నావా, వాసెన కట్టడానికి?" అని అత్తగారు మంచం మీదనుంచే కేకలేసింది. ఆ తర్వాత మెల్లగా చెప్పింది. "ఈదురుగాలి కొట్టే వైపు మూసెయ్యి. పైన మాత్రం తెరిచి ఉంచు. వాటి ఊపిరీ, మూత్రం ఘాటూ పైకి పోవాలి."

తాయారు అలాగే చేసింది. బెల్లం దగ్గు తగ్గింది. పోనీలే, రెండు తప్పులు చేసినా రెండు సంగతులు నేర్చుకుంది అనుకుందాం. కాని మూడోది అంత తేలికైంది కాదు నాన్నా. దుప్పటి సరిగ్గా కప్పుకో, చెబుతాను.

గుర్రం చలికాలంలో ఎండుగడ్డి బాగా తింటుంది. లోపల గడ్డి అరుగుతుంటే వేడి పుడుతుంది. దాని పొట్టే దాని కుంపటి. కాని ఎండుగడ్డి తిన్నాక నీళ్ళు తాగాలా వద్దా? తాగాలి. లేకపోతే ఆ గడ్డి లోపల ఉండకట్టి అడ్డం పడిపోతుంది.

తాయారు రోజూ తొట్టిలో మంచుపెచ్చు పగలగొట్టి పెట్టేది. మిరియం, బెల్లం ఎలాగో తాగేవి. జున్ను మాత్రం మూతి ముంచి, చల్లదనం పళ్ళకి తగలగానే జివ్వుమని వెనక్కి తీసుకునేది. తాయారు దాన్ని కనిపెట్టలేదు.

ఒకరోజు జున్ను గడ్డి ముట్టలేదు. ముందుకాలితో నేల గీరుతోంది. మాటిమాటికీ తల తిప్పి తన పొట్టవంక చూసుకుంటోంది. పడుకుంటోంది, లేస్తోంది. తాయారు పరిగెత్తుకుంటూ వచ్చి అత్తగారికి చెప్పింది.

పేరిందేవి ఈసారి కేకలెయ్యలేదు. ముఖం తెల్లబోయింది. "లద్దె వేసిందా?" అని అడిగింది.

లద్దె అంటే గుర్రప్పేడ. ఛీ అనకు. ఆ రోజు ఆ ఇంట్లో బంగారం ఇస్తామన్నా ఎవరికీ వద్దు, లద్దె కావాలి.

"లేదత్తయ్యా. నిన్నటినుంచీ లేదు."

"నీళ్ళు చాలక కడుపు బిగుసుకుపోయిందే. ఇవాళ అది నీళ్ళు తాగకపోతే తల్లీ దక్కదు, కడుపులో పిల్లా దక్కదు."

అప్పుడు తాయారు గోరువెచ్చని నీళ్ళు తీసుకెళ్ళింది. జున్ను వాసన చూసి తల తిప్పేసుకుంది. ఆ తర్వాత ఆ నీళ్ళలో బెల్లంముక్క కలిపి తీసుకెళ్ళింది. ముట్టలేదు. ఆ తర్వాత దాహం పుడుతుందని నాలిక మీద ఉప్పు రాసింది. పెదవి ఎత్తి ఉఫ్ఫుమని ఊసింది. తాయారుకి ఏడుపొచ్చింది.

"నన్ను దాని దగ్గరికి తీసుకుపో" అంది పేరిందేవి.

"కాలు మోపకూడదన్నారుగా?"

"కాలెవరు మోపుతారే? చెక్క మీద లాగు."

ఒక తలుపుచెక్క మీద పరుపు వేసి, దాని మీద అత్తగారిని కూచోబెట్టి, తాడు కట్టి, మంచు మీద జర్రున లాక్కుపోయింది తాయారు. పేరిందేవి జున్ను పక్కన చేరి దాని మెడ నిమురుతూ కూచుంది. "నా తల్లివి కదూ, నా ఇంటి దీపానివి కదూ" అంటోంది. తాయారు ఎంత పిలిచినా ఇంట్లోకి రానంది. ఇక అన్నం కూడా తిననంది.

సరే, పెద్దావిడ, ఒంట్లో బాగాలేదు, కడుపులో ఏదో ఒకటి పడాలి కదా. పొయ్యి మీద గుర్రాల కోసం ఉలవలు ఉడుకుతున్నాయి. మనిళ్ళలో ఏం చేస్తాం? ఉలవలు ఉడికాక గుగ్గిళ్ళు పశువులకి పెట్టి, ఆ కట్టు, అంటే ఉడికిన నీళ్ళు, మనం చారు పెట్టుకుంటాం. తాయారు కూడా కట్టు వార్చింది. ఇంకా పులుపు పొయ్యలేదు, పోపూ పెట్టలేదు. కాస్త ఉప్పు మాత్రం వేసి, గిన్నెలో పోసి, వేడివేడిగా తీసుకెళ్ళి అత్తగారి చేతిలో పెట్టింది.

పేరిందేవి గిన్నె నోటి దాకా ఎత్తింది. ఇంతలో ఆవిడ భుజం మీదుగా పొడుగాటి మీగడరంగు మూతి ఒకటి వచ్చింది. ముక్కుపుటాలు అదిరాయి. మూతి గిన్నెలో పడింది. జుర్రున ఒక్క పీల్పు! గిన్నె ఖాళీ.

అత్తాకోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇంకా ఉందా?" అంది అత్తగారు గుసగుసగా, ఎక్కడ గట్టిగా మాట్లాడితే జున్ను మనసు మార్చుకుంటుందో అన్నట్టు.

"ఉందత్తయ్యా, కుండెడు!"

"అయితే చూస్తావేంటే? పట్రా! వేణ్ణీళ్ళు కలిపి పల్చగా చేసి పట్రా! గుగ్గిళ్ళు మాత్రం దానికి పెట్టకు, ఇప్పుడవి అరగవు. అవి మనం తిందాం."

చూశావా? లోకమంతా గుగ్గిళ్ళు గుర్రానికి, చారు మనుషులకి. ఆ ఇంట్లో మాత్రం ఆ రోజు తిరగబడింది. జున్ను తొట్టెడు ఉలవకట్టు తాగింది. ఆ తర్వాత తాయారు దాన్ని పట్టుకుని వాకిట్లో మెల్లమెల్లగా తిప్పింది. చెక్క మీద కూచుని పేరిందేవి అడుగుతూనే ఉంది.

"లద్దె వేసిందా?"

"లేదత్తయ్యా."

ఇంకో చుట్టు తిరిగారు.

"ఇప్పుడో?"

"వేస్తే చెప్పనా అత్తయ్యా!"

మబ్బు విడి కాస్త ఎండ వచ్చింది. జున్ను ఆగింది. తోక ఎత్తింది. టప్... టప్... టప్!

తాయారుకి ఏం చెయ్యాలో తోచలేదు. ఆ పొగలుగక్కే లద్దెని రెండు చేతుల్లో ఎత్తుకుని, ప్రసాదం తెచ్చినట్టు, ఏడుస్తూ నవ్వుతూ అత్తగారి దగ్గరికి పరిగెత్తింది. పేరిందేవి కళ్ళు మూసుకుని, రెండు చేతులూ జోడించి, ఆ లద్దెకి దణ్ణం పెట్టింది.

ఆ తర్వాత అంది, "తాయారూ, రెండుసార్లు తిట్టాను నిన్ను. ఇవాళ నువ్వు లేకపోతే నా జున్ను లేదు. నీకు ఆ చారు నేర్పిన మీ అమ్మ చల్లగా ఉండాలి."

"చల్లగా వద్దత్తయ్యా, వెచ్చగా ఉండాలనండి" అంది తాయారు. ఇద్దరూ పకపకా నవ్వారు.

"వెళ్ళి చేతులు కడుక్కునిరా" అంది అత్తగారు. కడుక్కుని వచ్చాక ఆ చేతిని పట్టుకుని జున్ను పొట్ట మీద ఆనించింది. లోపలనుంచి ఎవరో ధన్‌మని తన్నారు. తాయారు ఉలిక్కిపడి చెయ్యి తీసేసుకుంది.

"తన్నిందేంటత్తయ్యా!"

"నీకు దణ్ణం పెడుతోందే పిచ్చిదానా. గుర్రాల దణ్ణం అలాగే ఉంటుంది. పుచ్చుకో."

తాయారు మళ్ళీ చెయ్యి ఆనించి పుచ్చుకుంది.

గుర్రం గడ్డికి పోయింది,
తాయారు గుగ్గిళ్ళకి పోయింది,
కథేమో కంచికి పోయింది,
మన బుజ్జేమో నిద్దర పోయింది.