కాని పెళ్ళికి రుజువు

పూర్వం ఒక రాజ్యంలో పెళ్ళి చేసుకోవాలంటే ముందు పెళ్ళిళ్ళ అధికారి విరూపాక్షయ్య ముద్ర పడాలి. బుట్టలల్లే నాంచారి, తాను మనసిచ్చిన పడవ నడిపే సింగన్నను వెంటబెట్టుకుని ఆయన కచేరీకి వెళ్ళింది. ఈడు సరిపోయింది, సాక్షులూ కుదిరారు. అయినా ఆయన మీసం దువ్వుకుంటూ, "మీకు ఇదివరకే పెళ్ళి కాలేదని నమ్మకమేమిటి? రాజ్యంలో ప్రతి ఊరినుంచీ ఒక సాక్షిని తీసుకురండి" అన్నాడు.

జరగని పెళ్ళికి సాక్షులుంటారా? ఆ రుజువు ఈయన దగ్గరైనా ఉందా అని నాంచారికి కుతూహలం పుట్టింది. అంతలో అధికారి భార్య మజ్జిగ చెంబుతో వచ్చింది.

"అమ్మా, ఈయన నిరుడు మా ఊళ్ళో నన్ను పెళ్ళాడాడు" అంది నాంచారి నెమ్మదిగా.

ఆవిడ భర్తవైపు తిరిగింది. విరూపాక్షయ్య మీసం వదిలి లేచి నిలబడ్డాడు. "అబద్ధం. దీన్ని చూడటం ఇదే మొదలు."

"అయితే ఊరికో సాక్షిని పిలిపించండయ్యా."

"కాని పెళ్ళికి నేనెందుకు రుజువు తేవాలి? అయిందన్నవాళ్ళే తేవాలి."

"నేను తేలేను, నాది అబద్ధమే. మీరన్న ఆ ముక్కే మాకూ రాసి, ముద్ర వేయండయ్యా."

ఆయన ఆ ముక్క రాసి ముద్ర వేశాడు. భార్య మాత్రం మజ్జిగ చెంబు వెనక్కి తీసుకుపోయింది.