గైరమ్మ కాలు

ఊఁ కొట్టేవాళ్ళుంటేనే చెబుతాను. నిద్రొచ్చేవాళ్ళు ఇప్పుడే వెళ్ళి పడుకోండి, మధ్యలో లేస్తే నాకు కోపం వస్తుంది.

ఎప్పటి మాటో మా తాతకే సరిగ్గా తెలీదు. సముద్రానికి దగ్గర్లో పెద్ద చదువులబడి ఒకటి ఉండేదట. ఇప్పుడైతే యూనివర్సిటీ అంటాం. దానికో పుస్తకాల మేడ. కింది అంతస్తులో చెట్టూ చేమల పుస్తకాలు. మధ్య అంతస్తులో పురుగూ పుట్రా, పశువూ పక్షీ పుస్తకాలు. పై అంతస్తులో మనిషి ఒంటి పుస్తకాలు. వైద్యం నేర్చే పిల్లలు పొద్దస్తమానం ఆ పై అంతస్తులోనే పడి ఉండేవారు. అక్కడ పుస్తకాలతో పాటు ఎముకల పెట్టెలు కూడా అరువిచ్చేవారు. బొమ్మలో అర్థం కానిది చేత్తో పట్టుకుంటే అర్థమవుతుందని.

ఆ పిల్లలకి మంచినీళ్ళు మోసేది గైరమ్మ. కింద ఓ కుండ, మధ్యలో ఓ కుండ, పైన ఓ కుండ. మూడు కుండలూ నిండుగా ఉండాలి. గైరమ్మది వంకర కాలు. మెట్లెక్కుతుంటే ఒక అడుగు టక్కుమనేది, ఒక అడుగు జర్రుమనేది. ఆ చప్పుడు వినగానే పిల్లలకి దాహం గుర్తొచ్చేది.

పుట్టుకతో వచ్చిన వంకర కాదది. చిన్నప్పుడు తమ్ముడు పైడయ్య జీడిమామిడి పండు కావాలని ఏడిస్తే చెట్టెక్కింది. పండు తమ్ముడి చేతిలో పడింది, గైరమ్మ నేల మీద పడింది. ఊళ్ళో ఎముకలు కట్టే ఆయన వచ్చి వెదురు బద్దలు పెట్టి, పసరు పోసి, గట్టిగా కట్టాడు. పాపం, తెలిసినంతలో మనసుపెట్టే కట్టాడు. కాలు అతుక్కుంది గానీ పక్కకి తిరిగి అతుక్కుంది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళు కాలు చూసి లేచిపోయారు.

దానికి గైరమ్మ ఏడవడం ఎప్పుడో మానేసింది. కానీ పక్కనున్న ఆస్పత్రి గుమ్మంలో వెదురు బద్దలు కట్టిన పిల్లలు కనిపిస్తే మాత్రం కడవ దించి అక్కడే నిలబడిపోయేది. ఈ పిల్ల కూడా నాలాగే అయిపోతాదేమో అని ఆమె దిగులు.

ఒకరోజు కళ్ళద్దాల అబ్బాయినొకణ్ణి అడిగింది.

"బాబూ, ఈ పుస్తకాల్లో నా కాలుందా?"

అబ్బాయి పేజీలు తిప్పాడు. "కాళ్ళున్నాయి గానీ నీ కాలు లేదు గైరమ్మా" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వేసి నీళ్ళిచ్చి వెళ్ళిపోయింది.

కొన్నేళ్ళకి సముద్రం అవతలి నుంచి ఇంత లావు పుస్తకం వచ్చింది. ఇద్దరు పట్టుకుంటే గాని బల్ల మీదికి ఎక్కలేదు. దాన్ని చదువుతున్న ఇంకో అబ్బాయిని అడిగింది.

"బాబూ, ఇందులోనైనా నా కాలుందా?"

ఆ అబ్బాయి మంచివాడు, చివరిదాకా వెతికాడు. "విరిగిన కాళ్ళు కూడా ఉన్నాయి గైరమ్మా. కానీ అన్నీ తిన్నగా అతికినవే."

"తిన్నగా అతికిందాన్ని సూపించడానికి పుస్తకమెందుకు బాబూ? వంకరగా అతికిందాన్ని కదా సూపించాల."

అబ్బాయి పుస్తకం మూసేశాడు.

మూడోసారి సత్యవేణి అనే అమ్మాయిని అడిగింది. నేతపనివాళ్ళ పిల్ల, మాట తక్కువ, చూపు ఎక్కువ.

"తల్లీ, ఈ పుస్తకాల్లో నా కాలుందా?"

సత్యవేణి పుస్తకం తెరవలేదు. కింద కూర్చుని గైరమ్మ కాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. గైరమ్మ హడలిపోయి వెనక్కి లాక్కోబోతే వదల్లేదు. మోకాలి నుంచి మడమ దాకా వేళ్ళతో నొక్కి చూసింది.

"పుస్తకంలో లేదమ్మా. లోపల ఎముక మీద ఎముక ఎలా ఎక్కిందో కళ్ళారా చూస్తే గాని తెలీదు. చూడాలంటే..." అని ఆగిపోయింది.

"సూడాలంటే నాను సచ్చిపోవాల. అంతే గదా తల్లీ?"

సత్యవేణి కళ్ళనిండా నీళ్ళు. గైరమ్మకి మాత్రం ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న వస్తువు దొరికినట్టయింది.

తిన్నగా పెద్ద పంతులుగారి దగ్గరికి పోయి, చచ్చిపోయాక తన ఒళ్ళు తీసుకొమ్మంది. తన ఎముకలు పెట్టెలో పెట్టి పై అంతస్తులో ఉంచమంది. నీవాళ్ళు ఒప్పుకుంటే సరేనన్నాడాయన. ఆమెవాళ్ళంటే పైడయ్య ఒక్కడే.

పైడయ్య తల పట్టుకు కూర్చున్నాడు. "నిన్ను కాల్చకపోతే ఊళ్ళో నా మొకం ఎలా సూపించీదప్పా? కొడుకులా పెంచినావు గదా నన్ను. నీకు కొరివెట్టే బాగ్గెం కూడా నాకు నేదా?"

"కాలిస్తే ఈ కాలు బూడిదైపోతాదిరా. బతికున్నన్నాళ్ళూ ఇది ఎవులికీ అక్కరకి రానేదు. సచ్చినాకైనా రానీరా."

పైడయ్య లేచి ఎడ్లకి గడ్డి వెయ్యడానికి పోయాడు.

గైరమ్మ ఓ వానాకాలం జ్వరంతో పోయింది. పైడయ్య అప్పని బండిలో పడుకోబెట్టి చీర కప్పాడు. ఊరి చివర దారి రెండుగా చీలుతుంది. ఒకటి వల్లకాటికి, ఒకటి చదువులబడికి. పైడయ్య చదువులబడి వైపు తోలాడు. ఊరివాళ్ళ చూపులు గుర్తొచ్చి ఎడ్లని వెనక్కి తిప్పాడు. అప్ప మాట గుర్తొచ్చి మళ్ళీ ముందుకి తోలాడు. కొరివి పెట్టని తమ్ముడంటారని మళ్ళీ వెనక్కి తిప్పాడు. ఎడ్లకే విసుగొచ్చింది.

మూడోసారి దారి చీలిక దగ్గర బండి ఆపి చీర సర్దబోయాడు. వంకర కాలు బయటికొచ్చి ఉంది. పండు అడిగింది తానే. పండు తిన్నదీ తానే. పైడయ్య ఆ కాలిని రెండు చేతులతో పట్టుకుని పసివాడిలా ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, బండిని చదువులబడి వైపు తోలాడు. మళ్ళీ వెనక్కి తిప్పలేదు.

కొన్నాళ్ళకి పై అంతస్తులో కొత్త పెట్టె వచ్చింది. సత్యవేణి అందులోంచి గైరమ్మ కాలి ఎముకని చేతుల్లోకి తీసుకుంది. విరిగిన రెండు ముక్కలూ ఒకదాని మీదికొకటి ఎక్కి, అలాగే అతుక్కుపోయి ఉన్నాయి. కట్టకముందే కాలిని లాగి, ముక్కకి ముక్క ఎదురుగా తెచ్చి, అప్పుడు కట్టి ఉంటే తిన్నగా ఉండేది.

సత్యవేణి డాక్టరయ్యాక ఎవరూ చెయ్యని పని చేసింది. చుట్టుపక్కల ఎముకలు కట్టేవాళ్ళందరినీ పిలిపించి, పుస్తకాల మేడ ఎక్కించింది. అక్షరం రానివాళ్ళు చెప్పులు విడిచి భయంభయంగా వచ్చారు. గైరమ్మ కాలిని ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చూశారు. వాళ్ళలో గైరమ్మ ఊరి ముసలాయన ఎంతకీ తిరిగివ్వలేదు.

"ఇది మా అయ్య కట్టిన కట్టమ్మా. ఆయన దీన్ని సూసుంటే ఇంకెవుల్నీ ఇలా కట్టీవోడు కాదు."

ఆ మేడలో ఇప్పుడు ఎన్ని వేల పుస్తకాలున్నాయో లెక్కలేదు. కంప్యూటర్లు కూడా వచ్చాయట. అయినా వైద్యంలో చేరిన పిల్లలు మొదటిరోజు ఏ పుస్తకమూ ముట్టుకోరు. పై అంతస్తుకి వెళ్ళి, కుండలో నీళ్ళు ఒక్క గుక్క తాగి, గైరమ్మ పెట్టె తెరుస్తారు.

కథలన్నీ కంచికి పోతాయంటారు. ఇది మాత్రం ఆ మేడ దిగి మా ఊళ్ళకే వచ్చింది. ఈనాటికీ మా వైపు ఏ పిల్లకి కాలు విరిగినా, కట్టు కట్టడానికి వచ్చినవాణ్ణి తల్లి గుమ్మంలోనే ఆపుతుంది. ఎవరి కొడుకువని అడగదు, ఏం తీసుకుంటావని అడగదు.

"గైరమ్మని సూసొచ్చినావా నాయినా?" అని అడుగుతుంది. చూశానంటేనే లోపలికి రానిస్తుంది.